ఆరో మనిషి ఊపిరి

గాలి మేస్త్రి చనిపోయి అప్పటికి పదకొండు గంటలైంది. శవాన్ని తీసుకుపోయారు గానీ, ఆయన చేతిసంచి ఇంకా నాలుగో నంబర్ డాక్‌లో కొక్కేనికి వేలాడుతూనే ఉంది.

"ముప్పై ఏళ్ళ సర్వీసు," అన్నాడు చీఫ్. "అంతరిక్ష ఓడల్లో గాలి గొట్టాల మధ్యే బతికాడు. ఇవాళ పొద్దున సూట్ తొడుక్కుని ట్యాంక్ తగిలించుకున్నాడు. మీటర్ ముల్లు ఫుల్ చూపించింది. లోపల ఉన్నది ఆక్సిజన్ కాదు, నైట్రోజన్. ముఖం మీద భయం కూడా లేదు పాపం. నిద్రపోయినట్టే పోయాడు."

ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్న అమ్మాయికి ఇరవై ఏళ్ళు. డిపార్ట్‌మెంట్ రికార్డుల్లో ఆమె పేరు ఏజెంట్ పదిహేడు. గాలి యంత్రాల రిపేరులో డిప్లొమా, ఫస్ట్ క్లాస్. వాళ్ళింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. ఇంతవరకూ ఆమె చేసిన గూఢచర్యమల్లా గోడౌన్ గుమాస్తాల మీద నిఘా.

"ఆయన ఎక్కాల్సిన ఓడ ఎల్లుండి బయలుదేరుతుంది," అన్నాడు చీఫ్. "ఏడు నెలల ప్రయాణం. చివరి స్టేషన్‌కి కొత్త గాలి యంత్రం మోసుకెళ్తోంది. అక్కడ మూడువందల నలభై మంది ఉన్నారు. పాత యంత్రం కొనఊపిరితో నడుస్తోంది. ఓడ చేరేనాటికి వాళ్ళ దగ్గర తొమ్మిది రోజుల గాలి మిగులుతుంది."

"మా నాన్న అక్కడే పనిచేస్తున్నాడు సార్. వెల్డర్."

"తెలుసు. అందుకే నిన్ను పిలిపించాను."

చీఫ్ ఫైలు తిప్పాడు. పరదేశపు రింగ్ ఒకటి, అంటే గూఢచారుల ముఠా, ఆ స్టేషన్ మీద కన్నేసింది. అక్కడ మనుషుల ఊపిరి ఆగితే చట్టప్రకారం అది దిక్కులేని ఆస్తి, ముందు చేరినవాడిదే. కాబట్టి ఓడ చేరకూడదు. ఎలా ఆపుతారో తెలీదు. మేస్త్రిని ఎందుకు చంపారో అంతకన్నా తెలీదు.

"ఆయన స్థానంలో నువ్వు వెళ్తావు. మారువేషం అక్కర్లేదు, నీ డిప్లొమా అసలుదే. ఓడలో మన మనిషి ఒకరున్నారు. పదకొండో నంబర్ స్పానర్ ఉందా అని అడుగుతారు. పదకొండు పోయింది, పన్నెండుతో సర్దుకుంటున్నానని చెప్పు." సొరుగులోంచి గుండీ అంత బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. "గోడచెవి. ఏ గోడకైనా అంటిస్తే అవతల ఊపిరి పీల్చే మనిషి ఉన్నాడో లేడో చెబుతుంది."

"ఇంకేమైనా సార్?"

"బతికి రా."

వీడ్కోలు అంటే ఆ డిపార్ట్‌మెంట్‌లో అంతే.

* * *

ఓడలో ఆమెతో కలిపి ఐదుగురు. మోకాళ్ళ నొప్పుల కెప్టెన్, బరువు తెలియని చోట ఉద్యోగమే తనకు వైద్యమనేవాడు. ఇంజిన్ చూసే పెద్దాయన, అందరికీ బాబాయ్. వంటాయన, చేతికి దెబ్బ తగిలితే డాక్టర్ కూడా ఆయనే. ఐదో మనిషి నావిగేటర్.

నావిగేటర్‌ని చూస్తే, ఈవిడ ఇక్కడేం చేస్తోందబ్బా అనిపిస్తుంది. ముప్పై రెండేళ్ళుంటాయి. అందరూ గ్రీజు మరకల ఓవరాల్స్‌లో తేలుతుంటే ఆవిడ మెడలో ఎర్ర సిల్కు స్కార్ఫ్ చిన్న మంటలా కదులుతూ ఉండేది. ఆవిడ నవ్వితే కెప్టెన్ అంతటివాడు చెప్పబోయేది మర్చిపోయేవాడు.

రెండో వారంలో ఆవిడ ఫిల్టర్ గదిలోకి తేలుతూ వచ్చి గుమ్మం పట్టుకుని ఆగింది. "పదకొండో నంబర్ స్పానర్ ఉందా?"

"పదకొండు పోయింది. పన్నెండుతో సర్దుకుంటున్నా."

"హమ్మయ్య. నిన్ను చూసి ఇంత చిన్నపిల్లని పంపారేమిటా అనుకున్నా. ఇవాళ్టి నుంచి నువ్వు నాకు చెల్లెలివి, సరేనా?"

"సరే అక్కా," అంది ఆమె. పరాయి చోట అక్క అనే మాట నోటికి ఎంత హాయిగా ఉంటుందో ఆమెకు అప్పుడే తెలిసింది.

మిగతావాళ్ళకు మాత్రం ఆమె డిప్లొమానే. "ఏం డిప్లొమా, ఈ గొట్టం ఎందుకు మూలుగుతోందో పుస్తకంలో రాశారా?" అనేవాడు వంటాయన. "రాశారు. వంటాయన పక్కనే ఉంటే మూలుగుతుందట," అనేది ఆమె. ఆరు నెలలు అలాగే గడిచాయి. దొంగ ఎవరో, దొంగతనం ఏమిటో అంతుచిక్కలేదు.

స్టేషన్ ఇంకా ఇరవై నాలుగు రోజుల దూరంలో ఉండగా కెప్టెన్ సీల్డ్ కవర్ విప్పాడు. పైనుంచి ఆర్డర్: ఇక్కడినుంచి రేడియో సైలెన్స్. రింగ్ ఓడలు వినకుండా యాంటెనా మడిచెయ్యాలి. ఇరవై నాలుగో రోజు పూర్తయిన క్షణాన, స్టేషన్ చుట్టూ తిరిగే గ్రహం పక్కన బ్రేకింగ్ ఇంజిన్ వెలిగించాలి. వెలిగిస్తే ఓడ స్టేషన్ దగ్గర ఆగుతుంది. ఆ క్షణం దాటితే గ్రహాన్ని రాసుకుంటూ అవతలి చీకట్లోకి పోతుంది. వెనక్కి తిప్పేంత ఇంధనం ఉండదు.

అదే రోజు నావిగేటర్ ఇంకో కబురు చెప్పింది. రేడియేషన్ తుఫాను వస్తోందట, కిటికీల మీద ఇనుప తలుపులు దించెయ్యాలట. దించేశారు. బయటి చూపంతా ఆవిడ టెలిస్కోప్ ఒక్కటే అయింది.

* * *

గాలి మేస్త్రీల పని చెప్పుకోవడానికి పెద్దదేం కాదు. మనుషులు వదిలిన పాడుగాలిని డబ్బాల్లోని తెల్ల పొడి పీల్చుకుంటుంది. పీల్చుకున్నంత మేరా ఊదారంగుకు తిరుగుతుంది. డబ్బా పక్కన గాజుపట్టీ, పట్టీ మీద గీతలు. ఐదుగురు ఒక గంట ఊపిరి తీస్తే ఊదా ఒక గీత పాకుతుంది. ఎనిమిది గంటల షిఫ్ట్‌కి ఎనిమిది గీతలు. షిఫ్ట్ అయ్యాక డబ్బా మార్చి, పాతదాని లెక్క గోడ మీద సుద్దతో వెయ్యాలి. మీటర్లున్నా సరే, కంప్యూటర్లున్నా సరే, సుద్దగీత గియ్యనివాణ్ణి ఏ మేస్త్రీ మేస్త్రీగా లెక్కచెయ్యడు.

రేడియో సైలెన్స్ మొదలైన తొలి షిఫ్ట్‌లోనే ఊదా ఎనిమిదో గీత దాటింది. గీతకూ గీతకూ మధ్య పది సన్నగీతలుంటాయి. నాలుగు సన్నగీతలు ఎక్కువ పాకింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ఊదా ఎక్కువైతే ఊపిరితిత్తులు ఎక్కువైనట్టు. ఏ మేస్త్రీని నిద్రలో లేపి అడిగినా అదే చెబుతాడు. ఎక్కువైంది ఇరవయ్యో వంతు, అంటే మనిషిలో పావు వంతు. ఒళ్ళు చల్లబరిచి నెలల తరబడి నిద్రపుచ్చే చలినిద్ర పెట్టెలో పడుకున్న మనిషి సరిగ్గా అంతే పీలుస్తాడు.

ఓడలో ఆరో మనిషి ఉన్నాడు. పెట్టెలో నిద్రపోతున్నాడు. టైమ్ రాగానే లేస్తాడు.

"అక్కా, ఈ విషయం నీకూ నాకూ మధ్యే," అని నావిగేటర్‌కి చెప్పింది.

నావిగేటర్ ఆ సుద్దగీతల వైపు చాలాసేపు చూసింది. "ఇదంతా ఈ పొడిని చూసే చెబుతున్నావా?"

"పొడి అబద్ధం చెప్పదక్కా."

"అయితే వాడు హంతకుడే అయ్యుంటాడు," అంది నావిగేటర్ మెల్లగా. "కెప్టెన్‌తో అనకు. ఆయన గాబరా పడితే వాడు జాగ్రత్త పడతాడు. పెట్టెలన్నీ వెతుకు. ఒక్కటీ వదలకు."

గోదాముల్లో నాలుగువందల పది సరుకు పెట్టెలు. పని అయ్యాక, నిద్ర మానుకుని, ఒక్కో పెట్టెకు గోడచెవి అంటించి వినడం. ఇనుము నిశ్శబ్దం, రబ్బరు నిశ్శబ్దం, గింజల సంచుల నిశ్శబ్దం. రోజులు గడిచేకొద్దీ ఓడలో అందరూ నీరసపడ్డారు. బాబాయ్ వాల్వ్ పట్టుకునే కునుకు తీసేవాడు. భోజనం బెల్ కొట్టకముందే జనం వంటగది చుట్టూ తేలడం మొదలుపెట్టారు.

"నా చేతిలో ఏం మహత్యం వచ్చిందో," అన్నాడు వంటాయన. "ఆర్నెల్లు పిలిచినా రానివాళ్ళు ఇప్పుడు బెల్‌కి ముందే వచ్చి నా మొహం చూస్తున్నారు."

"నీ మొహం చూస్తే ఆకలి చచ్చిపోతుందని వస్తున్నామయ్యా," అన్నాడు కెప్టెన్. ఆయన వేసిన ఆఖరి జోకు అది.

ఇరవై మూడో రోజుకి మిగిలింది మూడో గోదాం ఒక్కటే. అందులో గాలి ఉండదు, పెట్టెలకు మాత్రమే ఓడ గాలి గొట్టాలుంటాయి, సూట్ వేసుకుని వెళ్ళాలి.

"అరవై పెట్టెలు," అంది నావిగేటర్, సూట్ మెడపట్టీ తనే బిగిస్తూ. "ఆరు గంటలు పడుతుంది. తొందరపడకు చెల్లీ. బ్రేకింగ్‌కి ఇంకా ముప్పై రెండు గంటలుంది."

ఆమె అడుగడుగునా వింటూ పోయింది. నాన్న గుర్తొచ్చాడు. వెల్డింగ్ మంట చూసీ చూసీ ఆయన కళ్ళు అక్షరాలను పట్టుకోలేవు. డిప్లొమా ఫోటో పంపితే పక్క బెర్తు ఆయన చేత మూడుసార్లు చదివించుకున్నాడట. 'మూడోసారి కూడా ఫస్ట్ క్లాసే అన్నాడమ్మా,' అని కబురు పెట్టాడు. పొట్టి మనిషి, మాటలూ పొట్టివే. ఇప్పుడు గాలి పొదుపు కోసం ఆ మాటలు కూడా మానేసి బెర్తు మీద కదలకుండా పడుకుని ఉంటాడు, కూతురు ఎక్కిన ఓడ వస్తుందని.

అరవయ్యో పెట్టెలో కూడా ఎవరూ లేరు. ఒళ్ళు వంచి పనిచేసిందేమో, నాలుగు గంటల్లోనే అయిపోయింది.

* * *

బయటికొచ్చి సూట్ విప్పింది. అలవాటు ప్రకారం సూట్ డబ్బా ఊడదీసి లెక్క వెయ్యబోయింది. సూట్ డబ్బా ఒక్క మనిషికి సరిపడేది, గంటకు ఒక గీత. నాలుగు గంటలకు నాలుగు గీతలు.

నాలుగు గీతలు దాటి రెండు సన్నగీతలు.

సుద్దముక్క పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇరవయ్యో వంతు. మళ్ళీ అదే ఇరవయ్యో వంతు. ఓడలో అయితే ఆరో మనిషి దాక్కున్నాడు, సరే. ఈ సూట్‌లో ఎక్కడ దాక్కుంటాడు? తన ఒక్కదానికే చాలక బిగుసుకునే సూట్. ఇందులో ఊపిరి తీసింది తనొక్కతే.

మనిషి ఎక్కువ కాలేదు. గంట పొడుగైంది.

ఓడలో గడియారాలన్నీ, చేతి వాచీలు, సూట్ వాచీతో సహా, ఒకే ఒక్క మాస్టర్ గడియారాన్ని చూసి నడిచేవే. అంతకుముందు రోజూ స్టేషన్ పంపే టైమ్ సిగ్నల్‌తో దాన్ని సరిచూసేవాళ్ళు. సైలెన్స్ మొదలయ్యాక ఆ సిగ్నల్ లేదు. కిటికీల్లేవు. మాస్టర్ గడియారం తాళం నావిగేటర్ దగ్గర ఉంటుంది.

ఆ గడియారాన్ని ఎవరో నెమ్మది చేశారు. అది ఎనిమిది గంటలు అన్నప్పుడల్లా నిజంగా నడిచింది ఎనిమిది గంటల ఇరవై నాలుగు నిమిషాలు. అందుకే బెల్‌కి ముందే ఆకళ్ళు. అందుకే వాల్వ్ దగ్గర కునుకులు. అందుకే మేస్త్రిని చంపింది. ముప్పై ఏళ్ళ మేస్త్రి అయితే మొదటి వారంలోనే పసిగట్టేవాడు. కొత్త డిప్లొమా అయితే గీతలు చూసి మనుషుల కోసం వెతుకుతుంది. వెతికింది కూడా.

గోడ మీద సుద్దతో లెక్క వేసింది. అరవై ఎనిమిది షిఫ్టులు, ఒక్కోటికి ఇరవై నాలుగు నిమిషాలు. ఈ నాలుగు గంటలకు పన్నెండు. మొత్తం ఇరవై ఏడు గంటల ఇరవై నాలుగు నిమిషాలు.

బ్రేకింగ్‌కి ఇరవై ఎనిమిది గంటలు ఉందంటోంది గడియారం. ఉన్నది ముప్పై ఆరు నిమిషాలు.

* * *

కెప్టెన్ గది తలుపు తీసే ఉంది. ఆయన నిద్రసంచిలో కట్టుకునే ఉన్నాడు. కళ్ళు సగం తెరుచుకున్నాయి. పెదవుల దగ్గర టీ చుక్క ఒకటి గుండ్రంగా తేలుతోంది. మెడ మీద చెయ్యి వేసి చూసింది. చల్లగా ఉంది. మెడలో ఎప్పుడూ వేలాడే ఇంజిన్ తాళంచెవి లేదు. తాడు తెగి ఉంది.

ఏడవడానికి టైమ్ లేదు. ఇంజిన్ గదికి దూసుకుపోయింది. బాబాయ్, వంటాయన అక్కడే ఉన్నారు. డబ్బా చూపించి, పెట్టెలు వెతికిన సంగతీ సుద్ద లెక్కా చెప్పి, కెప్టెన్ సంగతి చెప్పింది. ఆ చివరి మాటకు వంటాయన గోడకు ఆనుకుపోయాడు. "నా చేత్తో ఇచ్చిన టీ అది. నావిగేటర్ తను తీసుకెళ్తానంది."

బాబాయ్ మాత్రం గడియారం వైపే చూస్తున్నాడు. "అమ్మాయ్, ఇంకా ఇరవై ఎనిమిది గంటలుందని అది చెబుతోంది. నీ మాట విని ఇప్పుడే ఇంజిన్ వెలిగించామనుకో. నీ లెక్క తప్పైతే ఎక్కడో దారి మధ్యలో ఆగిపోతాం. మళ్ళీ కదిలేందుకు చుక్క ఉండదు. అందరం పోతాం, స్టేషన్‌తో సహా."

"తెలుసు బాబాయ్."

"గడియారాన్ని కాదని పొడిని నమ్మమంటావు."

"నన్నూ నమ్మొద్దు, పొడినీ నమ్మొద్దు. నా లెక్క నిజమైతే గ్రహం మన పక్కనే ఉండాలి. కిటికీ తియ్యండి."

కిటికీ ఇనుప తలుపుల మోటారు తీగలు కోసేసి ఉన్నాయి. చేతి హ్యాండిల్‌తో ముగ్గురూ కలిసి తిప్పారు. బరువు లేని చోట హ్యాండిల్ తిప్పాలంటే అది తిరగదు, మనం తిరుగుతాం. వంటాయన కాళ్ళు కమ్మీలో దూర్చి ఇద్దరి నడుములూ పట్టుకున్నాడు. చారెడు సందు తెరుచుకునేసరికి పది నిమిషాలు పోయాయి.

సందు నిండా బూడిదరంగు గ్రహం. ఆకాశం అన్నది మిగల్లేదు.

"మూడువారాలుగా దొంగ కోసం పెట్టెలు వెతికావా?" అన్నాడు బాబాయ్.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను బాబాయ్. తాళంచెవి ఆవిడ దగ్గరుంది. పారిపోవాలంటే లైఫ్‌బోట్ ఒక్కటే దారి, అక్కడికి నేను వెళ్తా."

ఇక గడియారంతో పని లేదు. కిటికీ చట్రం మీద వెనకటి నావికులు చెక్కిన గీత ఒకటుంది. గ్రహం అంచు ఆ గీతను తాకేలోపు ఇంజిన్ వెలగాలి. వంటాయన కిటికీ దగ్గరే ఉండి ఇంటర్‌కమ్‌లో దూరం చెబుతూ ఉండాలి. బాబాయ్ ఇంజిన్ దగ్గర సిద్ధంగా ఉండాలి.

"నాలుగు వేళ్ళ దూరం ఉంది," అంది వంటాయన గొంతు ఆమె వెనకే.

* * *

లైఫ్‌బోట్ తలుపు మూసి ఉంది. గుండ్రటి అద్దంలో ఎర్ర స్కార్ఫ్ కనిపించింది.

లైఫ్‌బోట్ ఓడను వదలాలంటే రెంటినీ కలిపే ఇరుకు దారిలో, దాన్ని మెడ అంటారు, గాలి ఖాళీ అవ్వాలి. ఖాళీ చేసే వాల్వ్ ఉండేది ఇటువైపు, గాలి మేస్త్రి చేతికింద. నావిగేటర్ దాన్ని టైమర్ మీద పెట్టి లోపలికి పోయింది. చక్రం దానంతటదే తిరుగుతోంది. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని వెనక్కి తిప్పి, పట్టుకునే ఉంది.

స్పీకర్ గరగరలాడింది. "ఆరు గంటలు తీసుకోమన్నానుగా చెల్లీ."

"తాళంచెవి కావాలి."

"నువ్వు తెలివైనదానివి. ఒప్పుకుంటున్నా. లోపల రెండు సీట్లున్నాయి. వచ్చెయ్. అవతల మావాళ్ళ ఓడ ఎదురుచూస్తోంది. నీకు కొత్త పేరు, కొత్త చదువు, ఏం కావాలంటే అది."

"నాకు చదువైపోయింది. తాళంచెవి."

"ఐదేళ్ళు మీ చీఫ్ కోసం చేశాను. ఏమిచ్చాడు? 'బతికి రా' అన్నాడు. నీకూ అదే అనుంటాడు."

అది నిజమే. ఆమె చక్రం మీద పట్టు ఇంకా బిగించింది.

"మూడు వేళ్ళు," అన్నాడు వంటాయన.

"నాకేం తొందర లేదు," అంది స్పీకర్‌లో తీరిగ్గా. "మావాళ్ళు గంటసేపైనా ఆగుతారు. టైమ్ లేనిది మీకే."

ఆమె జేబులోంచి గోడచెవి తీసి తలుపుకి అంటించింది. స్పీకర్‌లో గొంతు తీరిగ్గా, నున్నగా ఉంది. గోడ వెనక ఊపిరి మాత్రం కుక్క పరుగెత్తి వచ్చినట్టు కొట్టుకుంటోంది.

ఆవిడకీ టైమ్ లేదన్నమాట. గ్రహం దాటాక లైఫ్‌బోట్ దారి వేరైపోతుంది. రింగ్ ఓడను అందుకోవాలంటే ఆవిడా ఇప్పుడే వదలాలి. ఆలస్యమైతే ఆవిడా అందరితోపాటే.

"సరే అక్కా, నేనూ ఆగుతా," అంది ఆమె. "ఈ వాల్వ్ మాత్రం వదలను. పోతే అందరం ఒకే చీకట్లోకి పోదాం. మా నాన్నకి కబురు చెప్పే బాధ కూడా ఉండదు నాకు."

తర్వాత నోరు మూసుకుంది. చక్రం చేతుల్లో వణుకుతోంది. అరచేతుల చర్మం లేచిపోతోంది. జీవితంలో ఆమె చేసిన కష్టమైన పనుల్లో ఆ మౌనం ఒకటి.

"రెండు వేళ్ళు. డిప్లొమా, వింటున్నావా? రెండే."

గోడ వెనక ఊపిరి ఇంకా వేగం పుంజుకుంది. స్పీకర్ మాత్రం నిశ్శబ్దం.

"వేలున్నర."

"ఇస్తే వదులుతావా?" అంది నావిగేటర్. ఇప్పుడు గొంతు కూడా నున్నగా లేదు.

"వదులుతా. మాట."

తలుపు పక్కన రెండువైపులా తెరుచుకునే మందుల సొరుగు ఉంది, అది టక్కున ఇటు వచ్చింది. అందులో తాళంచెవి. ఆమె దాన్ని లాక్కుని చక్రం వదిలేసింది. మెడలో గాలి ఈలవేస్తూ ఖాళీ అవడం మొదలైంది.

"ఓడ ఈ కొస నుంచి ఆ కొసకి నాలుగు నిమిషాలు చెల్లీ," అంది నావిగేటర్ చివరిసారిగా. "నీకు రెండు కూడా లేవు. లెక్క నాకూ వచ్చు." లైఫ్‌బోట్ విడిపోయింది. అద్దంలో ఎర్ర మచ్చ కాసేపు కనిపించి, లేకుండా పోయింది.

అందుకే ఇచ్చిందన్నమాట.

కానీ గాలి మేస్త్రీలు చేసే దొంగపని ఒకటుంది. రూల్సులో నిషేధం, దొరికితే జీతం కోత. అయినా చెయ్యని మేస్త్రీ లేడు. ఓడంతా పాడుగాలిని పీల్చుకొచ్చే రిటర్న్ గొట్టం ఇంజిన్ గది మీదుగా పోతుంది. స్పానర్ మర్చిపోతే అంత దూరం ఎవరు తేలతారు, గొట్టంలో వేస్తారు, గాలే లాక్కుపోతుంది.

"బాబాయ్," అంది ఇంటర్‌కమ్‌లో, గొట్టం మూత పళ్ళతో లాగేస్తూ. "రిటర్న్ గొట్టం జల్లెడ ఊడదియ్యి. చెయ్యి అడ్డం పెట్టు."

"ఏం పంపుతున్నావే?"

"తాళంచెవి. జారవిడిస్తే ఫిల్టర్‌లోకి పోతుంది, ఇక దొరకదు."

తాళంచెవి గొట్టంలో పడేసి ఫ్యాన్ మీట ఫుల్‌కి తోసింది. ఇనుము మీద ఇనుము కొట్టుకుంటూ చప్పుడు దూరమైంది, దూరమైంది, ఆగింది.



"తాకబోతోంది," అన్నాడు వంటాయన. "బాబాయ్, తాకబోతోంది. వెంట్రుకవాసి ఉంది. బాబాయ్."

ఓడ ఒక్కసారిగా గర్జించింది. ఏడు నెలలుగా లేని బరువు మీద పడి ఆమెను గోడకేసి కొట్టింది. ఎక్కడో వంటగదిలో గిన్నెలన్నీ ఒకేసారి కిందపడ్డాయి.

* * *

ఇంజిన్ నలభై నిమిషాలు మండింది. బాబాయ్ కుడిచేతి రెండు వేళ్ళు విరిగాయి. తాళంచెవి ఆ వేగంతో వచ్చి తగిలింది మరి. "పట్టుకున్నాన్లే," అన్నాడు, అదేదో మామూలు విషయమన్నట్టు. వంటాయన కట్టు కట్టాక వెళ్ళి కెప్టెన్ కళ్ళు మూసి, పక్కనే కూర్చున్నాడు.

యాంటెనా విప్పగానే రేడియోలో మొదట వినిపించింది నావిగేటర్ గొంతే. రింగ్ ఓడను కోడ్‌లో పిలుస్తోంది. పిలిచి, ఆగి, మళ్ళీ పిలుస్తోంది. జవాబు లేదు. ఈ ఓడ బ్రేకింగ్ మంట వాళ్ళూ చూసే ఉంటారు. పని చెడిన ఏజెంట్ కోసం ఆగడం ఏ రింగూ చెయ్యదు.

చాలాసేపటికి ఆ గొంతు కోడ్ మానేసింది. "చెల్లీ, వింటున్నావా?"

"బాబాయ్, మనం వెనక్కి వెళ్ళగలమా?" అని అడిగింది ఆమె.

"ఇంధనం స్టేషన్ దాకే."

లైఫ్‌బోట్‌లో ఎనిమిది రోజుల గాలి ఉంటుంది. నింపింది తనే కాబట్టి ఆమెకు కచ్చితంగా తెలుసు. మైక్ అందుకుంది. "వింటున్నా," అంది. ఇంకేం చెప్పాలో తోచక, "వింటూనే ఉంటా అక్కా," అంది. మేస్త్రిని చంపిన మనిషి, కెప్టెన్‌ని చంపిన మనిషి. అయినా రేడియో కట్టెయ్యడానికి చెయ్యి రాలేదు. మూడో రోజు దూరం ఎక్కువై ఆ గొంతు దానంతటదే వినబడకుండా పోయింది.

స్టేషన్ తలుపు తెరుచుకున్నప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అంత గాలి వాళ్ళ దగ్గర లేదు. కారిడార్ పొడుగునా మనుషులు గోడలకు ఆనుకుని, పెదవులు నీలంగా, చూపుతోనే పలకరించారు. ఏడో బెర్తు దగ్గర పొట్టి మనిషి ఒకాయన లేవబోయి, లేవలేక, ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అరచేతి మీద చర్మం లేచిపోయిన చోట బొటనవేలితో తడిమాడు.

"పని నేర్చుకున్నట్టున్నావు," అన్నాడు. అంత పొడుగు మాట అన్నందుకు తర్వాత రెండు నిమిషాలు ఆయాసపడ్డాడు.

కొత్త యంత్రం మర్నాటికి తిరగడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రమే ఆమె రిపోర్ట్ పంపింది. కెప్టెన్, మేస్త్రి, నావిగేటర్, నెమ్మదించిన గడియారం, అన్నీ ఉన్నదున్నట్టు రాసింది, మూడువారాలు తను పెట్టెలు వెతికిన సంగతితో సహా. డిపార్ట్‌మెంట్ నుంచి జవాబు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది.

'ఓడ లాగ్‌బుక్ ప్రకారం, తమరు నిర్ణీత సమయానికి ఇరవై ఏడు గంటల ఇరవై నాలుగు నిమిషాలు ముందుగా స్టేషన్ చేరినట్లు కనబడుచున్నది. అనుమతి లేని ముందస్తు రాకకు వారం లోగా రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వవలెను.'